వంతు

బయట మార్చి. లోపల పద్దెనిమిది డిగ్రీలు.
అద్దం తలుపు తోసుకుని బయటికొచ్చినప్పుడల్లా
కళ్లజోడు మీద కాకినాడ ఆవిరై కూర్చుంటుంది.

ఒక్కటే యంత్రం. దాని కడుపులో ముప్పైయేడు యంత్రాలు.
జీతాలది ఒకటి, ఎరువుల గోదాముది ఒకటి,
కొత్త కుర్రాళ్లు తప్పులు చేసి నేర్చుకోడానికి పదకొండు.
ప్రతిదానికీ ఒకటే నమ్మకం:
మెమరీ అంతా నాదే,
సున్నా నుంచి చివరి గడి దాకా నాదే.
ఆ నమ్మకం చెదరకుండా చూడ్డానికి నాకు జీతమిస్తారు.

ఉన్నది పదహారు మెగాబైట్లు.
ఇచ్చిన మాటలు వంద దాటాయి.
తేడా అంతా డిస్కు మీద,
పేజీలు పేజీలుగా
వెళ్తూ, వస్తూ.

ఆ రాత్రి లెక్కల సంవత్సరానికి ఆఖరి రాత్రి.
అందరూ ఒక్కసారే నిద్ర లేచారు.
పేజీ బయటికి పోతుంది, మరుక్షణం కావాలంటారు;
అది రావాలంటే ఇంకోటి పోవాలి,
పోయినదాన్ని ఇంకెవరో పిలుస్తారు.
డిస్కుల దీపాలు వలలో పడ్డ చేపపిల్లల్లా కొట్టుకుంటున్నాయి.
పని మాత్రం, పదింటి నుంచి పన్నెండింటి దాకా,
జీతాల పట్టీలో నలభై పేర్లు.

టీ కోసం లాకు దగ్గరికి నడిచాను.
లస్కరు గెడ్డం ఏసుపాదం టార్చిలైటు వెలుగులో
వంతుల పుస్తకం చూసుకుంటున్నాడు.
దాళ్వా చేలు పాలుపోసుకునే వేళ,
కాలవలో మోకాలి లోతు.

"ఏటండీ, మొహం అలాగుంది?"
చెప్పాను, నాకు చేతనైన తెలుగులో.
ఆయన కాసేపు చేతిలో బీడీ కేసి చూశాడు.
"ఎనభై రెండులో నేనూ అదే చేశానండి.
ఎవరు కేకేస్తే వాళ్ల తూము ఎత్తాను.
ఇటు ఎత్తి అటు దించి, అటు ఎత్తి ఇటు దించి,
తెల్లార్లూ నీరు కాలవలోనే నడిచింది.
ఒక్క మడీ తడవలేదు.
నీరు చాలకనా? కాదండి.
మర్నాడు సగం తూములకి తాళాలేసేశాను.
తిట్లా? ఆయ్, తిన్నాను."

తిరిగొచ్చి కుర్రాళ్ల యంత్రాలు పదకొండూ పడుకోబెట్టాను.
గోదాముని పొద్దున్నే రమ్మన్నాను.
జీతాల పేజీలు ఎవరూ కదపకుండా మేకు కొట్టాను.
దీపాలు నెమ్మదించాయి.
పేర్లు కదిలాయి: నాలుగొందలు. తొమ్మిదొందలు.

అయినా పేజింగు జాగా తొంభైనాలుగు శాతం.
డిస్కు పటం విప్పాను,
ఎవరి సిలిండర్లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో.
ఈ గట్లకి సర్వే రాళ్లుండవు, రెండేసి అంకెలుంటాయి.
ఒక్క అంకె తప్పు పడితే
ఒకరి చేలో ఇంకొకరు నాట్లేస్తారు,
కోతల దాకా ఎవరికీ తెలియదు.
ఓసారి పడింది. ఆ సంగతి ఇప్పుడొద్దు.

ఐదొందల పన్నెండు నుంచి ఐదొందల ముప్పై దాకా
వాసంశెట్టి త్రిమూర్తులు.
ఉద్యోగం మానేసి కోరంగి అవతల
రొయ్యల చెరువులు తవ్వించుకున్నాడు.
నాలుగేళ్లుగా ఎవరి చెయ్యీ పడని నేల.
తెరిస్తే ఒకటే ఫైలు:
పోటూ పాటూ వేళలు, నవంబరు నుంచి మే వరకు,
పైన శీర్షిక "ఆఫీసు పని."
ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను, ఆ చలిలో.

నిబంధన ప్రకారం తుడిచెయ్యొచ్చు.
టేపు ఎక్కించి ముందు దాన్ని దింపుకున్నాను,
జీతాల నుంచి దొంగిలించిన మూడు నిమిషాలు.
రీలు మీద పేరు రాశాను, తారీఖు రాశాను.
ఎవరొచ్చి అడుగుతారని?
ఆ పోట్లు ఎప్పుడో వచ్చి వెళ్లిపోయాయి.
తర్వాత నేల చదును చేసి
పేజింగుకి రాసిచ్చేశాను.

ఐదింటికి పట్టీ ప్రింటరు మీంచి దిగింది,
మడతలు మడతలుగా, వెచ్చగా.
బయటికొస్తే మళ్లీ కళ్లజోడు మసక.
కొంగుతో తుడుచుకునేలోపు వినబడింది
గొలుసు చప్పుడు, తూము తలుపు లేస్తూ.
ఎవరి వంతో.
శివారు చేలదా అని అడగలేదు.